కాకా బల్లను తెల్లాపూర్ నుంచి తెచ్చిన రోజు

కాకా పోయిన సంగతి మాకు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మౌల్డింగ్ సెక్షన్ ఫోర్‌మన్ ఈ ఉదయం మరణించారు. షిఫ్టు టైమింగ్స్‌లో మార్పు లేదు." రెండు ముక్కలూ ఒకే మెసేజ్‌లో. కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ఇంకెవడో బొటనవేలు పెట్టాడు. ఆ బొటనవేలు ఏ వాక్యానికి పెట్టాడో నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే కొట్లాట అవుతుంది.

ఇంటి దగ్గర, కిష్టారెడ్డిపేటలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ మనిషి ఛాతీ పట్టుకుని కిందికి వంగాడట. బూటు లేసు కట్టుకుంటున్నాడనుకుని డ్రైవర్ హారన్ కొట్టాడట. ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆ బస్సులోనే ఉన్నాడు. నువ్వు దిగలేదా అని అడిగితే, "దిగినం గానీ జెర లేటైంది" అన్నాడు.

క్యాంటీన్‌లో సంతాపసభ పెట్టారు. మేనేజర్ లేచి, కోపమంటే తెలియని మనిషి అన్నాడు. అబద్ధం. ఆయనకు కోపం బాగా వచ్చేది. ఎదుటివాడి కోపం కూడా ఆయనకు తొందరగా అర్థమయ్యేది, అందుకే నన్ను దగ్గరికి తీశాడు. సెక్షన్‌లో నాతో మాట్లాడే ఓపిక ఆయనొక్కడికే ఉండేది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో పనికి వచ్చి ఉండిపోయాడు. కొడుకు మాత్రం మా థర్మాకోల్ కంపెనీలో చేరాడు. టీవీలకు, ఫ్రిజ్‌లకు చుట్టూ పెట్టే తెల్లటి అచ్చులు చేస్తాం మేము. వాళ్ళవైపు బాబాయ్ అంటారట. మా వెలిమెల వైపు కాకా అంటాం. "ఏదో ఒకటి పిలువు, సార్ అనకు. సార్ అంటే మెషీన్ ఆగిందేమో అనిపిస్తుంది" అన్నాడు.

ఇక ఆ ఆట గురించి చెప్పాలి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి తర్వాత చదవండి. పెద్ద బల్ల మీద గుట్టలు, వాగు, కూలిన గోడలు ఉంటాయి. వాటి మధ్య బొటనవేలంత సైనికులు, రెండు పక్షాలుగా. టేపుతో కొలిచి జరపాలి, పాచిక వేసి కాల్చాలి. గోడ చాటున ఉన్నవాడు బతికే వీలుంది, బయట నిలబడ్డవాడు చస్తాడు. విదేశాల్లో ఇది డబ్బున్నవాళ్ళ సరదా, అక్కడ గుట్టలు కూడా డబ్బాలో వస్తాయట. కాకా దీన్ని యూట్యూబ్‌లో చూశాడు. మా సైనికులు జాతరలో కవర్లలో కట్టి అమ్మే పచ్చ ప్లాస్టిక్ బొమ్మలు. గుట్టలు, గోడలు, వాగు మాత్రం కాకా ఇంటి డాబా మీద రేకుల గదిలో మేమే చేసుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, గల్లీ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురితో కలిసి ఆట.

"ముందు చెత్తబుట్ట చూడు, ఆ తర్వాత బజారు" అనేవాడు. కంపెనీలో విరిగిన అచ్చులు అడిగి తెచ్చుకునేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి సంచి తెరిచి చూసి, "ఇయ్యాల గుట్టనా, గోడనా కాకా?" అని అడిగేవాడు. "ఇవాళ నీ అత్తారిల్లు" అని కాకా జవాబు. "మా అత్తగారిల్లు అయితే ఇగ పడగొట్టినట్టే కట్టు" అని వాడు. రోజూ ఇదే.

గుడ్ల అట్టలను నీళ్ళలో నానబెట్టి పిసికితే బండరాళ్ళు. గిన్నెలు తోమే పచ్చ పీచును చింపితే తుప్పలు. టింబర్ డిపోలో ఊడ్చిపారేసే రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి, గమ్ మీద చల్లితే గడ్డి. అగరుబత్తీ పుల్లలు కంచెలు. నేను మొదటి రోజు స్కేలు పెట్టి థర్మాకోల్‌ను తిన్నగా కోశాను. కాకా దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఏంట్రా ఇది?"

"గుట్ట."

"ఫ్రిజ్ డబ్బాలా ఉంది. తిన్నగా కొయ్యడానికి నీకు జీతం ఇస్తున్నారు కదా, అక్కడ కొయ్యి. ఇక్కడ వంకరగా కొయ్యరా అబ్బాయ్."

"మస్తుగ కనవడాలె గద కాకా?"

"అక్కర్లేదు. గుట్ట అందంగా ఉండక్కర్లేదు. దాని వెనక ఒక మనిషి దాక్కోగలిగితే చాలు."

ఈ మాట నాకు ఆట కంటే ఎక్కువ పనికొచ్చింది. ఆ రోజుల్లో కంపెనీలో నన్ను తీసేయాలని చూస్తున్నారు, ఎదురు మాట్లాడతానని. కాకా నా గురించి పొగిడి ఎవరికీ చెప్పలేదు. "వాడు లేకపోతే మెషీన్ మీద మీరే నిలబడండి" అన్నాడంతే. ఆయన వెనక నేను దాక్కున్నాను.

ఒకసారి తొందరపడి, బైకులకు కొట్టే స్ప్రే డబ్బా తెచ్చి ఉత్త థర్మాకోల్ మీద కొట్టాను. గుట్ట నా కళ్ళముందే సలసలమని కరిగి, ఒక పక్క మొత్తం లోపలికి తినేసినట్టయింది. ముందు గమ్ కలిపిన డిస్టెంపర్ ఒక పూత వేసి, ఆరాకే స్ప్రే కొట్టాలని అప్పుడు తెలిసింది. పారేద్దామని తీస్తుంటే కాకా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు దాన్ని చూశాడు.

"ఒరేయ్, ఇది మీ ఊరి గుట్ట కదూ?"

నిజమే. మా ఊరి పక్క గుట్ట అచ్చం అలాగే ఉంటుంది. ఒక పక్క చెట్లు, రెండో పక్క కంకర క్రషర్ తినేసిన తెల్లటి గోడ. మేము ఆ కరిగిన పక్కకు సున్నం రంగు వేశాం. బల్ల మీద అన్నిటికంటే మంచి గుట్ట అదే.

వాగు ఒడ్డును తడి మీదే వేలితో సరిదిద్ది, దానికి రంగు వేసే పని కాకా నాకే ఇచ్చాడు. నేను ఎర్రమన్ను, నల్లరంగు కలిపి, పైన వార్నిష్ పూసి, ఒడ్డున థర్మాకోల్ పూసలు నురగలా అంటించాను. కాకా వచ్చి చూశాడు. ఆయన కాలువలు పారే ఊళ్ళో పుట్టిన మనిషి.

"వాగు నీలంగా వేస్తారు కదరా?"

"ఏ వాగు నీలం ఉంది కాకా? నువ్వు సూసినవా ఈడ?"

కాకా తర్వాతి ఆదివారం ఆటలో కొత్త నిబంధన పెట్టాడు: వాగు దాటిన సైనికుడు ఒక వంతు ఊరుకోవాలి, వాడికి ఒళ్ళు దురద. అందరం నవ్వాం. ఇంకెక్కడా ఈ ఆటలో అలాంటి నిబంధన ఉండదు. మా ఊరి వాగులో ఫ్యాక్టరీల నీళ్ళు కలుస్తాయి, మా చిన్నప్పుడు అందులో దిగి ఇంటికొస్తే గోక్కుంటూ కూర్చునేవాళ్ళం. అది ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయింది.

ఎవరో ఆ బల్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు. తెల్లాపూర్‌లో ఆకాశాన్ని అంటే అపార్ట్‌మెంట్లలో ఈ ఆట ఆడే క్లబ్బు ఒకటి ఉందట. దాని పెద్ద కారేసుకుని వచ్చాడు. చెప్పులు విప్పకుండా డాబా ఎక్కి, బల్ల చుట్టూ తిరిగి, "చాలా ఆథెంటిక్‌గా ఉంది అంకుల్" అన్నాడు. ఒక్క వారాంతానికి ఇమ్మన్నాడు. కాకా మురిసిపోయాడు. ఆ మురిపెం చూసి నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతోంది.

బల్ల మోయడానికి నేనూ వెళ్ళాను. మామూలు లిఫ్టు వద్దన్నారు. సామాన్లు ఎక్కించే లిఫ్టులో, చెత్తడబ్బాల పక్కన నిలబడి పైకి పోయాం. ఏసీ హాల్లో బల్ల పెట్టి, రాలిన పొట్టును కాకా అరచేత్తో ఊడ్చాడు. వాళ్ళు ఆడారు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నారు, నీళ్ళ బాటిల్ ఇచ్చారు. పాచిక మాత్రం ఇవ్వలేదు. వచ్చేటప్పుడు నేను బూతులు తిడుతుంటే, "వాళ్ళ రూల్స్ వేరేరా అబ్బాయ్" అన్నాడు. ఒక వారాంతం అన్నవాళ్ళు బల్లను వెనక్కి పంపలేదు. అడగడానికి ఆయన మొహమాటపడ్డాడు. మేము ఉత్త బల్ల మీద, పుస్తకాలు గుట్టలుగా పేర్చి ఆడుకున్నాం. ఆయన పోయేనాటికి కూడా అది తెల్లాపూర్‌లోనే ఉంది.

పెద్దకర్మకు ముందు కాకా భార్య నన్ను పిలిచింది. ఆమెను చిన్నమ్మ అంటాను. ఆమెకు ఆ ఆట అంటే ఎప్పుడూ గిట్టలేదు, డాబా అంతా పొట్టు చేస్తామని తిట్టేది.

"నాయనా, ఆయన బల్ల ఇంటికి తీసుకురా. పనోడు పోతే పనిముట్లు పరాయి ఇంట్లో ఉండకూడదు. మా వైపు అలాగే చేస్తాం. కర్మ రోజున ఆయన చేత్తో చేసింది ఆయన ఫొటో ముందు ఉండాలి."

క్లబ్బు పెద్దకు ఫోన్ చేశాను.

"అయ్యో, విన్నాం బ్రో, వెరీ శాడ్. కానీ అంకుల్ దాన్ని మాకు డొనేట్ చేశారు కదా. ఆయన పేరు మీద టోర్నమెంట్ కూడా పెడుతున్నాం."

"డొనేట్ అని ఎవలు చెప్పిన్రు?"

"అంటే, అడగలేదు కదా ఆయన వెనక్కి."

ఫోన్ పెట్టేసి, మా గల్లీలో ట్రాలీ ఆటో నడిపే దోస్తును తీసుకుని బయలుదేరాను. గేటు దగ్గర డెలివరీనా అని అడిగారు. కాదు, ఇంటి మనిషిని అన్నాను. ఎవరి ఇంటి మనిషి అని అడిగారు. చచ్చిపోయినవాడి ఇంటి మనిషిని అనేసరికి తెరిచారు.

పైన హాల్లో బల్ల చుట్టూ నిలబడి ఆడుతున్నారు. వాళ్ళ సైనికులు ఒక్కొక్కడూ సన్నటి కుంచెతో రంగులేయించుకుని మెరుస్తున్నారు. అందంగానే ఉన్నారు, కాదనను. నేను వాగు వైపు చూశాను. నీలంగా ఉంది, పైన కొత్తగా పూసిన వార్నిష్ ఇంకా జిగటగానే ఉంది. నురగ పూసలు పీకేశారు. ఒడ్డున తెల్లటి పూలు అంటించారు.

"ఇదేంది?"

"చిన్న అప్‌గ్రేడ్ బ్రో. డ్రైనేజీలా ఉందని మా వాళ్ళు అన్నారు."

"డ్రైనేజే అది. మీ బిల్డింగులది గూడ అండ్లనే కలుస్తది."

పెద్ద నవ్వు మొహం పెట్టాడు. "ఈ గేమ్ అయిపోనివ్వు, తర్వాత కూర్చుని మాట్లాడదాం. ఆయన మెమరీని మేమూ రెస్పెక్ట్ చేస్తున్నాం."

"ఒక్కటి చెప్పు. కాకా ఈ బల్ల మీద ఒక్కపారన్న పాచిక ఏసిండా ఈడ?"

"ఆయనకి చూడటమే ఇష్టం బ్రో."

"మా దగ్గర కూసునేటోడే కాదు. నిలబడి ఆడేటోడు. ఓడిపోతే చాయ్ ముట్టకపోయేటోడు, మళ్ల ఆదివారం దాక మొహం ముడుసుకుని ఉండేటోడు. ఆయనకు సూసుడు ఇష్టమని ఎవలు చెప్పిన్రు నీకు?"

పెద్ద ఏదో అనబోయాడు. అటువైపు ఆడుతున్న ఒకాయన, నెరిసిన గడ్డమున్న మనిషి, తన సైనికులను ఒక్కొక్కడినే తీసి పెట్టెలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "మనం అడగలేదురా ఆయన్ని" అన్నాడు, పెద్ద వైపు చూడకుండా. మిగతావాళ్ళు కూడా తీశారు. నేను ఎవరికీ థ్యాంక్స్ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. కానీ ఆ గడ్డమాయన బల్లకు రెండో చివర పట్టుకుని లిఫ్టు దాకా వచ్చాడు. మామూలు లిఫ్టు దాకా.

ట్రాలీ వెనక బల్లను పెట్టి, కదలకుండా రెండు చేతులూ చాచి పట్టుకుని కూర్చున్నాను. నీలం వాగు ఎండలో మెరుస్తోంది. దాన్ని చిన్నమ్మకు ఎలా చూపించాలో తెలియలేదు. గీకితే కింద ఉన్నది కూడా ఊడుతుంది. మళ్ళీ రంగు వేస్తే అది నా ఒక్కడి పని అవుతుంది, వార్నిష్ కింద ఆయన తన వేలితో సరిదిద్దిన ఒడ్డు కాదు.

రోడ్డు మీద ట్రాఫిక్ ఆగింది. పక్కన కంకర లారీ. క్యాబిన్‌లోంచి క్లీనర్ కుర్రాడు తొంగి చూశాడు, మాటను బట్టి బీహార్ వైపువాడు.

"ఏ క్యా హై భాయ్?"

"లడాయీ కా మైదాన్", యుద్ధం చేసే చోటు అన్నాను.

వాడు ఇంకా వంగాడు. గుట్ట సగమే ఉందేమని, కరిగిన పక్కకు వేలు చూపించాడు. "ఏ పహాడ్ ఆధా క్యోం హై?"

"క్రషర్ ఖా గయా," తినేసింది అన్నాను.

వాడు తన లారీలోని కంకర వైపు ఒకసారి తిరిగి చూసి, గట్టిగా నవ్వాడు. తర్వాత వాగు చూసి నవ్వు ఆపాడు. "ఔర్ నాలా నీలా? ఝూఠ్ హై."

అబద్ధమే అన్నాను.

ముందున్న బండ్లు కదిలాయి. లారీ గేరు పడి, ఒక్క కుదుపుతో మా పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనక నుంచి కంకర పొడి మేఘంలా లేచి మా మీద పడింది. నా కళ్ళలో, నోట్లో, చొక్కా మీద, బల్ల మీద. చేతులు వదిలితే బల్ల జారుతుంది, తుడవడానికి లేదు. కిష్టారెడ్డిపేట దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. నా మోచేతుల మధ్య ఆ పొడి ఆరీఆరని వార్నిష్‌కు అతుక్కుని, వాగు పొడవునా మెల్లమెల్లగా నీలాన్ని మూసేస్తూ వచ్చింది.