సిద్ధమ్మ చేత్తో చెప్పిన చప్పుడు

చిత్తూరులో వేలూరు రోడ్డు మీద, ఊరు దాటబోయే చోట మునిరత్నం షెడ్డు ఉండేది. నాలుగు రాటలు, పైన రేకులు, ఒక మూల కొలిమి. దాన్ని ఆనుకొని ఉండే చిన్న గది నాది, స్పేరు పార్టుల అంగడి. ఆయన బండి విప్పి ఏం కావాలో చెబితే నేను తీసి ఇచ్చేవాణ్ణి. పొద్దున అంగడి తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఆయన సుత్తి దెబ్బలు నా గోడ మీదే పడుతున్నట్లు ఉండేవి.

మునిరత్నం పని కమాన్ కట్టలు. లారీలకూ వ్యాన్లకూ వెనక ఇరుసు మీద, విల్లు మాదిరి వంగి, ఒకదాని కింద ఒకటి పేర్చినట్లు ఉక్కు పట్టీలుంటాయి చూడండి, అవే. బరువు మోసి మోసి అవి చదునైపోతే విప్పి, కొలిమిలో కాల్చి, కొట్టి, మళ్ళీ వంపు తేవాలి. ఆయనది గుడిపాల పక్క పల్లె. సేద్యం అన్నలకు వదిలేసి, మీసాలు మొలిచీ మొలవకముందే వేలూరు పోయి ఒక లారీ షెడ్డులో సమ్మెట పట్టినాడు. పెండ్లయినాక చిత్తూరొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. భార్య సిద్ధమ్మ. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయి పండ్లు కోసేది. మిగతా కాలం ఇల్లు, పాడి ఆవులు. ఒకటే కూతురు, నవీన. ఆ పిల్లను తిరుపతిలో ఇచ్చినారు.

వెనక చప్పుడొస్తా ఉందని ఎవరన్నా బండి తెస్తే ఆయన వెంటనే దాని కింద దూరేవాడు కాదు. షెడ్డు ముందర రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉండేది. దాని మీద మెల్లగా తోలమని చెప్పి, తాను రోడ్డు పక్కన గొంతుక్కూర్చొని, తల ఒక పక్కకు వాల్చి వినేవాడు. బండి ఎక్కి దిగేలోపల ఆయనకు తెలిసిపోయేది. బుష్షు అరిగిందా, యూ బోల్టు వదులైందా, పట్టీ విరిగిందా అని. బండి ఇంకా షెడ్డులోకి రాకముందే నన్ను పిలిచి వస్తువు తీసి పెట్టమనేవాడు. తీసి పెట్టింది మళ్ళీ అరలోకి పోయినట్లు నాకు గుర్తులేదు.

అన్నేండ్లు ఉక్కు మీద ఉక్కు కొట్టిన చప్పుడే ఆయన చెవుల్ని తినేసింది. ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలీదు. ముందు కనిపెట్టింది సిద్ధమ్మ. దూడ అరుస్తా ఉన్నా లేచి పోయేవాడు కాదంట. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదంట. ఆమె దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఏదన్నా చెప్పాలంటే నడిచొచ్చి ఎదురుగా నిలబడి, ముఖం చూస్తా చెప్పడం మొదలుపెట్టింది. ఇంటికెవరన్నా వస్తే వాళ్ళడిగినదాన్నే తన మాటల్లో కలిపి మళ్ళీ ఆయనకు అందించేది. దాంతో నవీనకు కూడా చాన్నాళ్ళు తెలీలేదు. గోడ పక్కనే ఉండి నాకూ తెలీలేదు. పిలిస్తే పలకలేదంటే, సుత్తి చప్పుడులో వినబడలేదేమో అనుకునేవాణ్ణి.

అది రెండువేల రెండో, మూడో. పెనుమూరు పక్క నుంచి మండీకి బెల్లం తోలే గంగాధరం తన పికప్ వ్యాను తెచ్చినాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. బెల్లం వేసుకొని వచ్చేటప్పుడు బండి చప్పుడే చెయ్యదంట. ఖాళీగా తిరిగి పోయేటప్పుడు మాత్రం గుంత తగిలితే చాలు, వెనక ఠంగుమంటా ఉందంట. మునిరత్నం ఎప్పటి మాదిరే స్పీడ్ బ్రేకర్ మీద తోలమన్నాడు. గొంతుక్కూర్చొని తల వాల్చినాడు. ఆ చప్పుడు నా అంగట్లోకి కూడా వచ్చింది. ఆయన లేచి, మసిగుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకొని, కమాన్ చివర కన్ను మాదిరి ఉండే రంధ్రంలో దూర్చే బుష్షులు అడిగినాడు. ఇచ్చినాను. మార్చినాడు.

వారం తిరక్కుండానే గంగాధరం మళ్ళీ వచ్చినాడు. ఈసారి యూ బోల్టులు బిగించి, షాక్ అబ్జర్బర్ల రబ్బర్లు మార్చినాడు. అప్పటికీ పోలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు కూడా గంగాధరం కోపం చేసుకోలేదు. మునిరత్నానికి అదే ఎక్కువ కష్టమైనట్లుంది. ఇరుసు ఊడి పడుతుందేమోనని తన ఇంటామె ఖాళీ బండి ఎక్కనంటా ఉందని, టీ తాగి వేలూరు పోయి ఆడ చూపించుకుంటానని, ఏమీ అనుకోవద్దని గంగాధరం చెప్పినాడు. మునిరత్నం అతని పెదాల వైపే చూస్తా తలాడించినాడు.

అతను టీ అంగడి వైపు పోయినాక నేను వెనక నుంచి పిలిచినాను. తిరగలేదు. ఆ పూట కొలిమి వెలిగించలేదు, సుత్తి ఎత్తలేదు, చుట్టుపక్కల ఏ చప్పుడూ లేదు. మళ్ళీ పిలిచినాను. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడినాడు. ఆ ముఖం చూసి నాకు అర్థమైంది. పోయి నా అంగట్లో కూర్చున్నాను.

అంతలోనే సిద్ధమ్మ మధ్యాన్నం క్యారియరు తెచ్చింది. ఆయన మూత తీయలేదు. చెవులు తగ్గినాక తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలిసేది కాదు. అందుకే ఆయన మాటలు గోడ దాటి నాకు వినబడినాయి.

"నాకు ఇనబడలే సిద్ధా. బండి ఎక్కింది, దిగింది. సప్పుడు రానే లేదు నాకు. ఊరికే అందాజుగా బుష్షులు మార్చినాను."

ఆమె ఏదో అన్నింది.

"నీకు తెలుసునా?" అన్నాడాయన. "మరి ఒక్కనాడన్నా అడగలేదే నువ్వు," అన్నాడు.

దానికి ఏం చెప్పిందో తర్వాత ఎప్పుడో సిద్ధమ్మే నాకు చెప్పింది. నువ్వే సెప్తావులే అని చూస్తా ఉన్నా, అన్నిందంట.

ఆమె ఊరికే ఓదార్చి పోలేదు. తాను బండెక్కి వింటానన్నింది. ఆడమనిషి పికప్ వెనక కూర్చొని తిరిగితే జనం నవ్వుతారని ఆయన ఒప్పుకోలేదు. అప్పుడామె ఫ్యాక్టరీ సంగతి చెప్పింది. గుజ్జు తీసే మిషన్ల దగ్గర నోటి మాట చెవికి చేరదు. ఆడోళ్ళంతా పక్కనున్నామె చెయ్యి పట్టుకొనే మాట్లాడుకుంటారు. నొక్కితే ఒక మాట, గిల్లితే ఒక మాట. పొద్దుగూకులూ అట్లా కబుర్లు చెప్పుకుంటా పండ్లు కోస్తారు. అది చెప్పి ఆమె లేచి నిలబడింది.

"ఇనేది నేను ఇంటా. నీ సేతికి సెప్తా. రా, పోదాం."

టీ అంగడి దగ్గర ఉన్న గంగాధరానికి నేనే పోయి చెప్పినాను. అతను వింతగా చూసినాడు గానీ కాదనలేదు. వెనక తలుపు దించి, కూర్చోను గోనెసంచులు పరిచినాడు. సిద్ధమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకొని, మునిరత్నం చెయ్యి అందిస్తే ఎక్కింది. ఇద్దరూ పక్క రేకుకు ఆనుకొని కూర్చున్నారు. నేను ముందర గంగాధరం పక్కన ఎక్కి, వెనక అద్దంలో నుంచి చూస్తా కూర్చున్నాను.

గుడిపాల దారిలో కొంతదూరం పోయి, తారు లేచిపోయిన ఒక పల్లె రోడ్డుకు తిరిగినాం. మొదటి గుంతలోనే ఠంగుమనింది. సిద్ధమ్మ వేళ్ళు ఆయన చెయ్యి మీద బిగుసుకున్నాయి. ఇంకో గుంత, ఇంకో నొక్కు. ముందు ఆయన సిగ్గుపడినట్లు రోడ్డు వైపు చూస్తా ఉండినాడు. కొంచెం దూరం పోయినాక కండ్లు మూసుకున్నాడు. బండి లేవడం, పడటం ఆయన ఒంటికి తెలుస్తా ఉంది. చప్పుడు ఎప్పుడొస్తా ఉందో ఆమె చెయ్యి చెబుతా ఉంది. ఆ రెండింటినీ కలుపుకుంటా ఉన్నాడని నాకు అనిపించింది.

కాసేపటికి అద్దం మీద తట్టి బ్రేకు గట్టిగా కొట్టమన్నాడు. గంగాధరం కొట్టినాడు. ఆమె వేళ్ళు కదల్లేదు. కుడి చక్రాలు మాత్రమే గుంతలో దించమన్నాడు. అప్పుడూ లేదు. ఎడమ చక్రాలు దించితే ఆమె గట్టిగా నొక్కింది. బండి ఆపించినాడు.

"ఎట్లుండాది ఆ సప్పుడు?" అని అడిగినాడు.

సిద్ధమ్మ ఆలోచించి, ఆయన ముఖానికి ఎదురుగా తిరిగి చెప్పింది. "దోసె పెనాలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని రవంత ఎత్తి వదిలినట్లుండాది."

"గుంతలో పడేటప్పుడా?"

"కాదు. పడి, లేచి, మళ్ళా కూసునేటప్పుడు."

మునిరత్నం నవ్వినాడు. ఆ నెలలో అంతవరకూ ఆయన నవ్వడం నేను చూడలేదు.

షెడ్డుకొచ్చినాక ఆయన చేసిన పని చూసినాను. అంతకుముందు జాకీ ఇరుసు కింద పెట్టి లేపేవాడు. అట్లా లేపితే బండి బరువంతా కమాన్ల మీదే ఉంటుంది, పట్టీలు ఒకదానికొకటి అతుక్కొనే కనబడతాయి. ఈసారి జాకీ ఛాసిస్ కింద, అంటే బండి చట్రం కింద పెట్టినాడు. చక్రాలు కిందికి వేలాడినాయి. వేలాడగానే ఎడమ పక్క కమాన్ కట్టలో పట్టీలు ముందు చివర విసనకర్ర మాదిరి విచ్చుకున్నాయి. పట్టీలు చెదరకుండా చుట్టి పట్టుకునే ఇనుప క్లిప్పుకు రివిటు తెగిపోయి ఉంది. తెగినా ఊడి పడకుండా, ఎండిన బురదలో అతుక్కొని, బాగున్నదాని మాదిరే నిలబడి ఉంది. బెల్లం బరువుంటే పట్టీలు అణిగి ఉంటాయి, చప్పుడు రాదు. బండి ఖాళీగా ఉన్నప్పుడు గుంతలో చక్రం దిగితే పట్టీలు విడిపోతాయి. చక్రం పైకొచ్చి బరువు పడగానే ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటాయి. సిద్ధమ్మ చెప్పిన పెనాలు అవే.

ఆయన గంగాధరాన్ని కూడా కిందికి రమ్మని, సందులో స్క్రూ డ్రైవరు దూర్చి చూపించినాడు. తర్వాత కొలిమి వెలిగించి, పాత ఇనుము కాల్చి కొత్త క్లిప్పు తానే కొట్టి బిగించినాడు. అమ్మడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ పూట నాకు దానికి కూడా సంతోషమే అయింది.

గంగాధరం ఒక చుట్టు తిరిగొచ్చి, చప్పుడు పోయిందని చెప్పినాడు. మునిరత్నం అతని ముందు చేతులు కట్టుకొని నిలబడినాడు.

"నాకు సెవులు ఇనబడవప్పా గంగాధరం. ముందే సెప్పుండాల్సింది. నిన్ను ఇన్ని తూర్లు తిప్పినాను."

గంగాధరం అప్పటికే సిద్ధమ్మ ఎట్లా నిలబడి మాట్లాడుతుందో చూసినాడు కదా, అట్లాగే ఒక అడుగు ముందుకొచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేటట్లు నిలబడి అన్నాడు. "అక్కను రేపు కూడా రమ్మనన్నా. మా బావమరిది బండీ సప్పుడు చేస్తా ఉండాది."

ఆ బావమరిది నిజంగానే వచ్చినాడు. సిద్ధమ్మ కూడా వచ్చింది. అప్పటి నుంచి పాలు పితికి, వంట ముగించుకొని రోజూ షెడ్డుకు రావడమే అయింది. ఆ ఏడు మామిడి కాలంలో ఫ్యాక్టరీకి పోలేదు. ఇద్దరి మధ్యా చేతి మాటలు పెరిగినాయి. బొటనవేలితో నొక్కితే కుడిపక్క, చిటికెనవేలితో నొక్కితే ఎడమపక్క, గోటితో గీరితే కీచుమనే చప్పుడు. డ్రైవర్లు మొదట్లో నవ్వుకున్నారు. పోనుపోను అక్క లేకుంటే అక్క వచ్చేదాకా కూర్చుంటామనేవాళ్ళు. అందరూ అట్లా లేరు. ఒక లారీ ఓనరు, చెవిటోని చేతికి నా బండి ఇయ్యనని నా అంగడి అరుగు మీద నిలబడి అని పోయినాడు. ఏమన్నాడని మునిరత్నం అడిగితే, తొందర పనుండి పోయినాడని సిద్ధమ్మ చెప్పింది.

నవీనకు తెలిసినప్పుడు ఏడ్చి, తండ్రిని వేలూరులో చెవుల డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోయి మిషను పెట్టించింది. ఇంట్లో దాన్ని పెట్టుకునేవాడు. మనవరాలి మాటలు వినబడతా ఉన్నాయని నాతో ఎన్నిసార్లు చెప్పినాడో. షెడ్డులో మాత్రం తీసి జేబులో వేసుకునేవాడు. సుత్తి దెబ్బ పడితే తలలో పిడుగు పడినట్లుందనేవాడు. బండి చప్పుడు కూడా అందులో అన్ని పక్కల నుంచీ ఒకటే మాదిరి వస్తుందంట, ఏ మూల నుంచో తెలీదంట. అందుకని బండి పరీక్ష సిద్ధమ్మతోనే.

నాలుగైదేండ్లకు ఆమెకు మోకాళ్ళు పట్టుకున్నాయి. పికప్ ఎక్కాలంటే ఒక కాలు ఎత్తి, పెదవి కొరుక్కొని, ఆగి, రెండోది ఎత్తేది. ఆయన చూస్తా ఉండినాడు గానీ ఇంటి దగ్గరే ఉండమని అనలేదు. ఒక మధ్యాన్నం పనులన్నీ పక్కన పెట్టి, విరిగిపోయిన కమాన్ పట్టీలు ఏరుకొచ్చి, వాటిని కాల్చి సాపు చేసి, రెండు మెట్ల పీట ఒకటి చేసినాడు. కాళ్ళు జారకుండా పైన పాత టైరు ముక్క బిగించినాడు. చీర తగులుకోకుండా అంచులన్నీ ఆకురాయితో అరగదీసి, వేలుతో తడిమి తడిమి చూసినాడు. బండి పక్కన పెట్టి ఆమెను ఎక్కమన్నాడు.

సిద్ధమ్మ మొదటి మెట్టు మీద నిలబడి, రెండోది రవంత ఎత్తుగా ఉందన్నింది. ఆయన పీట తీసుకొనిపోయి రెండో మెట్టు కాళ్ళు కోయడానికి కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చొని, ఎంత కోయాలో వేళ్ళతో కొలిచి చూపించింది.