నిమిషానికి ఎన్ని చుట్లు

మైనం మాస్టారు నిజానికి ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళపాటు ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేశాడు. ఊళ్ళో సగం మంది ఆయన చేసిన పళ్ళతో నవ్వారు, మిగతా సగం మంది అవే పళ్ళు ఆయన మీద నూరారు. రిటైరయ్యాక మైనం కరిగించే గిన్నెలూ చిన్న చిన్న చాకులూ ఇంటికి తెచ్చుకుని, పాత ఫోనోగ్రాఫుల పిచ్చిలో పడ్డాడు. పళ్ళెంలాంటి రికార్డులు వేసే పెట్టెలు కావవి, వాటికంటే ముందువి. గ్లాసంత మైనపు గొట్టం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి గాడి, ఆ గాడిలో పాట. కీ ఇస్తే గొట్టం గిరగిరా తిరుగుతుంది, ఎవరో ఎప్పుడో పాడింది బాకాలోంచి జలుబు చేసిన గొంతుతో వినబడుతుంది.

ముందుగది నిండా ఇలాంటివి పదకొండు యంత్రాలు. ఎవరైనా కూర్చోవాలంటే ముందు ఒక బాకాను పక్కకి జరపాలి. “చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెట్టమంటారండీ, బాకాలోనా?” అని భార్య రోజుకోసారైనా అడిగేది. ఆమె నోటికి జడిసే చుట్టాలు రావడం మానేశారని మాస్టారి అభిప్రాయం. పైకి మాత్రం అనలేదు. ఆయనకింకా బతకాలనే ఉంది.

కొత్త గొట్టాలు కూడా తనే పోసేవాడు. మైనం కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక నున్నగా చెక్కి, వాటి మీద కూరలమ్మే ఆవిడ కేకలూ భార్య సణుగుడూ రికార్డు చేసేవాడు. నచ్చకపోతే పైపొర చెక్కేస్తే చాలు, గొట్టం మళ్ళీ కొత్తదవుతుంది. “నా మాట చెక్కేయడం మీకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైందిగా” అనేది ఆవిడ.

ఒక ఆదివారం ఉదయం ఆ ముందుగదిలోకి లెక్కల టీచరమ్మ వచ్చింది. ఆవిడ కూడా ఎప్పుడో రిటైరైంది, వయసు డెబ్బై ఎనిమిది. చేతిసంచీలోంచి ఒక అట్టడబ్బా తీసి, జవాబు పత్రాలంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. లోపల బూజు పట్టిన మైనపు గొట్టం. డబ్బా మూత మీద పెన్సిలుతో రాసిన ఒకే ఒక్క మాట, “పాపకి”.

“ఆ పాపని నేనే, మాస్టారూ” అంది. “నాకు మూడో నెలలోనే మా అమ్మ పోయింది. ఫొటో కూడా లేదు. మా నాన్న స్టేషన్ మాస్టరు. మాటలు తూకం వేసి మాట్లాడే మనిషి. తిన్నావా, ఫీజు కట్టావా, అంతే. అమ్మ గురించి అడిగితే అదీ లేదు. ఆయన పోయినప్పుడు నేను ఒక్కరోజు సెలవు పెట్టి, మర్నాడు వెళ్ళి భిన్నాలు చెప్పాను. మొన్న పాత పెట్టె అడుగున ఇది దొరికింది. ఒక్కసారి మా అమ్మ గొంతు వినిపించండి చాలు.”

మాస్టారు పదిరోజులు దాని వెంటే పడ్డాడు. గొట్టం లోపల రెండువేళ్ళు పెట్టి పట్టుకోవాలి తప్ప బయట ముట్టుకోకూడదు, చేతి వేడికే మైనం చెడుతుంది. మెత్తటి కుంచెతో బూజు దులిపి, పగుళ్ళు అతికించి, తేలికపాటి సూది బిగించి ఆవిడకి కబురు పెట్టాడు. వేసినప్పుడల్లా మైనం అరుగుతుంది కాబట్టి ఒక్కసారే వేస్తానని ముందే చెప్పాడు.

మొదట ఏదో బొంగురు గొంతు వచ్చింది. మాస్టారు వేగం మర కొంచెం బిగించాడు. ఇంకొంచెం బిగించాడు. సన్నటి ఆడగొంతు, జోలపాట వరస తేలివచ్చాయి. మాటలు ఒక్కటీ తెలియలేదు. మధ్యలో ఏదో పిట్ట కిచకిచలాడింది. టీచరమ్మ రెండుచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని “అమ్మా” అంది, చిన్నపిల్లలాగా. వెళ్తూ వెళ్తూ వీధంతా చెప్పుకుంది. అరిగినా పరవాలేకుండా ఒక కొత్త గొట్టం మీదికి ఎక్కించి ఇస్తానని మాస్టారు మాటిచ్చాడు.

ఎక్కించే పద్ధతి తేలికే. రెండు యంత్రాలు ఎదురెదురుగా పెట్టి, బాకాకి బాకా ఆనించాలి. ఇది పాడుతుంటే అది రాసుకుంటుంది. అందుకోసం పాతది సరిచూసుకుంటుంటే, వంటింట్లోంచి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏవండీ, మధ్యలో ఆ అరుపేంటి?”

“పిట్టే. కిటికీ మీద వాలుంటుంది.”

“ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు చెప్తారా? అది చంటిపిల్ల. కాకపోతే ఏ పిల్లా అంత కీచుగా ఏడవదు. మీరు దాన్ని పరిగెత్తిస్తున్నారు.”

మాస్టారు సూది పైకెత్తాడు. ఆ రోజుల్లో గొట్టం మీద ఎక్కువసేపు పట్టాలని, ఇళ్ళల్లో వేగం తగ్గించి రికార్డు చేసుకునేవాళ్ళు. అది ఆయనకి తెలియని సంగతేం కాదు. అమ్మ గొంతు అన్నారు కదా అని, అమ్మ వచ్చేదాకా మర బిగించి అక్కడితో చేతులు దులుపుకున్నాడు.

ఇప్పుడు మర వదులు చేయడం మొదలుపెట్టాడు. పక్కన నిలబడి భార్య చెబుతోంది. “ఇంకా తగ్గించండి. ఇంకా. ఆఁ, అక్కడ! ఇప్పుడు పిల్ల పిల్లలాగే ఏడుస్తోంది.”

పిల్ల పిల్లలాగే ఏడ్చింది గాని, పాడే మనిషికి మీసాలు మొలిచాయి. మాటలు కూడా తెలిశాయి. “ఆరూ పదికీ పాసింజరొచ్చే, హాయీ... ఏడుంబావుకి గూడ్సూ పోయే, హాయీ...” జోలపాట ఒక్కటీ రాని మగవాడు, తనకి వచ్చిందేదో పాడుతున్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరూ నవ్వలేకపోయారు.

“చెప్పేయండి ఆవిడకి” అంది భార్య.

“డెబ్బై ఎనిమిదేళ్ళకి తల్లి దొరికిందే ఆవిడకి. పట్టుమని పదిరోజులు కాలేదు. నా నోటితో ఎలా లాక్కోను?”

“అయితే అబద్ధాన్నే నున్నగా చెక్కి ఇస్తారా?”

మాస్టారు మూడు రోజులు టీచరమ్మ ఉండే వీధి మొహం చూడలేదు. నాలుగోరోజు సరైన వేగంతోనే కొత్త గొట్టం ఎక్కించి, ఆవిడని పిలిచాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మాస్టారు మైనం గురించీ మరల గురించీ మొదలుపెట్టి ఎటూ తేలకుండా తిరుగుతుంటే, “నసగకండి, లెక్క తప్పితే తప్పిందని చెప్పండి” అంది.

“తప్పిందండీ. తప్పు నాదే. అది అమ్మగారు కాదు” అన్నాడు. గొట్టం వేశాడు.

టీచరమ్మ కదలకుండా కూర్చుంది. మొదటి బండికి కనుబొమలు ముడిపడ్డాయి. గూడ్సు దగ్గర గుర్తుపట్టింది. ఆ తర్వాత పిల్ల ఏడుపు అందుకుంది. బండి తర్వాత బండి, ఒక్కటీ ఆలస్యం లేకుండా ఆయన పాడుతూనే ఉన్నాడు. పిల్ల ఎక్కిళ్ళలోకి దిగి, చివరికి ఊరుకుంది. ఆయన మాత్రం ఆపలేదు. గొంతు బాగా తగ్గించి, ఇంకో రెండు బళ్ళు పంపించాడు, మైనం అయిపోయేదాకా.

సూది గరగరలాడుతుంటే మాస్టారి భార్యే వెళ్ళి ఆపింది. “పిన్నిగారూ, మంచినీళ్ళు తాగండి” అంటే ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“నాకు అమ్మ లేదని ఇన్నేళ్ళూ ఏడ్చాను మాస్టారూ” అంది టీచరమ్మ. “నాన్న పోతే ఏడవలేదు. అసలు ఉన్నాడని తెలిస్తే కదా.”

అని, అప్పుడు ఏడ్చింది.