పన్ను తప్పేమీ లేదు

ఇవాళ పొద్దున ఒక కాలేజీ అమ్మాయి చెవుల ముందు వేళ్ళు ఆనించి, నోరు మెల్లగా తెరవమన్నాను. వేలి కింద టక్కుమంది. దవడ కీలు అలా తగిలినప్పుడల్లా నాకు రాజేశ్వరి మేడమ్ గుర్తొస్తారు. అనకాపల్లిలో ముప్పయ్యేళ్ళు పళ్ళ వైద్యం చేసిన మనిషి. చదువయిన కొత్తలో ఆవిడ దగ్గరే చేరాను. డిగ్రీ ఇచ్చింది కాలేజీయే గానీ నన్ను డాక్టర్ని చేసింది ఆవిడ. ఈ మాట ఎక్కడైనా గర్వంగానే చెబుతాను.

అప్పట్లో నాకు దూకుడెక్కువ. నొప్పంటే పన్ను, పన్నంటే పీకడం, అంతే నా వైద్యం! బెల్లం మార్కెట్లో వ్యాపారం చేసే సూరిబాబుగారు కుడి దవడ నొప్పని వస్తే, ఎప్పుడో సిమెంటు పెట్టిన పన్ను కనబడింది కదా అని పీకి పారేశాను. మూడు వారాలకు మళ్ళీ వచ్చారు.

"నొప్పి అలాగే ఉందమ్మా. సెవిలోకి లాగేత్తంది. ఆ పక్కదీ పీకెయ్యండి, గొడవ వదిలిపోతాది."

నేను మత్తు సూది సిద్ధం చేసుకుంటున్నాను. అంతలో మేడమ్ వచ్చి ఎక్స్‌రే చూశారు.

"ఈ పన్ను ఏం పాపం చేసిందే?"

ఆవిడ సూరిబాబుగారి ఎదురుగా కూర్చుని, చెవుల ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించారు. దవడ తిన్నగా దిగకుండా కుడికి జరిగింది. నిలువుగా మూడు వేళ్ళు పట్టాల్సిన నోట్లో రెండే పట్టాయి. బుగ్గ కండరం నొక్కగానే "అమ్మో, అదే!" అని ఆయన ఎగిరిపడ్డారు.

"రోజంతా ఏం నములుతారు?"

"ఏటీ నమల్ను మేడమ్. కిళ్ళీ కూడా అలవాటు లేదు."

"మరి మార్కెట్లో?"

"దిమ్మ దిమ్మకీ ఓ ముక్క కొరికి సూత్తాను. బెల్లం గట్టిదనం పన్నుకే తెలుత్తాది. మా నాన్నా అలాగే సూసేవోడు."

"ఏ పక్క?"

ఆయన చెయ్యి కుడి బుగ్గ మీదకు వెళ్ళింది. జబ్బు పంటిది కాదని, ఏళ్ళ తరబడి ఒకే పక్క కొరికి దవడ కీలు అలిసిపోయిందని మేడమ్ విడమరిచి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "పీకిన పన్ను సంగతి నువ్వే చెప్పు" అన్నారు. ఈయన మార్కెట్లో ఒక్క మాటంటే ఊళ్ళో నా పేరు గల్లంతే.

"ఆ పన్ను పీకాల్సింది కాదండీ. తప్పు నాది."

ఆయన నాలుకతో ఆ ఖాళీని తడుముకున్నారు. "పోయిన పన్ను తిరిగొత్తాదేటమ్మా?"

నాకు ఏడుపొచ్చేసింది. "సరిగ్గా నేర్పనిది నేను. నాదీ తప్పే" అన్నారు మేడమ్. అంత పెద్ద డాక్టరు, రోగి ముందు!

వేడి కాపడం, మెత్తని తిండి, దవడకు చిన్న వ్యాయామం, బెల్లాన్ని చేత్తో విరిచి చూడడం. రెండు నెలల్లో ఆయన నొప్పి తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు కూతుర్ని వెంటబెట్టుకొచ్చారు. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మేడమ్ గదిలోకి వెళ్ళమంటే ఆయన కదల్లేదు.

"పెద్ద మేడమ్ కాదమ్మా. తప్పు సేసేనని నా మొహమ్మీదే సెప్పిన డాక్టరమ్మ ఉంది సూడు, మా పిల్లని ఆవిడే సూడాలి."

మేడమ్ నవ్వుతూ వచ్చి, వాళ్ళ కోసం నా గది తలుపు తెరిచి పట్టుకున్నారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. నా చేతిలో పొరపాటు జరిగితే, ఈనాటికీ రోగికి నేనే ముందు చెబుతాను. చెప్పే ముందు భయం వేస్తుంది. అయినా చెబుతాను.