అవ్వ నోటు మీద పసుపు

మా సోషల్ సారు పోయారని నిన్న పొద్దున స్కూల్ గ్రూపులో చూసి అవ్వకు చెప్పాను.

"పాపం, మంచోని లెక్కనే నవ్వుతుండె," అంది. మళ్లీ తనే, "ఇగ నా నోటు సంగతి ఎవల్ని అడగాలె?"

ఆ సంగతి చెప్పకుండా సారును తలుచుకోవడం నాకు చేతకాదు.

సారు రోజూ బోధన్ నుంచి బస్సులో నిజామాబాద్‌లోని మా కాన్వెంటుకు వచ్చేవారు. సంచిలో ప్లాస్టిక్ కవర్లలో నైజాం కాలపు నోట్లుండేవి. ఏ నోటైనా ముందు వాసన చూసేవారు, తర్వాత కిటికీ వెలుగుకు పట్టేవారు. పాత నోటుకు లక్షలిస్తామనే వీడియోల గురించి అడిగితే, "లక్షలిచ్చెటోడు ముందుగాల నిన్నెందుకు పైసలడుగుతుండు?" అనేవారు. "మనిషి మొఖం చూడకుర్రి. నోటు మడత చూడుర్రి."

క్లాసులో నోరెత్తని నేను ఒక్కసారి చేయెత్తాను, మా అవ్వ దగ్గరా ఒకటుందని. అవ్వ వాళ్ల బాపు చెరకు అమ్మి తెచ్చిన అయిదు రూపాయల నోటు. ఏటా దీపావళి పూజలో అవ్వ దానికి పసుపు అద్దేది. ఒక మూల మడతపడి ఉండేది. తెచ్చిస్తే, అందరూ చూడాలని సారు దాన్ని అద్దం పటంలో పెట్టి, క్లాసు కిటికీ పక్కన ఏడాది ఉంచారు. మూల మాత్రం విప్పలేదు. "పాత కాగితమమ్మా, విప్పితె ఇరుగుతది."

పటంతో సహా తిరిగొచ్చిన నోటు మీద పసుపు లేదు. ఎండకు పోయిందన్నారు.

"పసుపు ఉడకబెట్టి దినాలకు దినాలు ఎండల పోసెటోళ్లం," అంది అవ్వ. "గా రంగు యాడికన్న పోయిందా? సారు నోటు మార్చిండు బిడ్డా."

నేను కాదనలేదు. ఇచ్చేముందు నంబరైనా రాసుకోలేదు. ఆ తర్వాత సారు ఎదురైతే నమస్కారం పెట్టి, ఆయన సంచి వంక చూసేదాన్ని. ఒకసారి బస్టాండులో, "అవ్వ మంచిగుందా? నోటు పైలమేనా?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్న ఎందుకా అని ఇంటిదాకా ఆలోచించాను. దేన్నైనా వెలుగుకు పట్టి చూడటం ఆయన నేర్పిందే. ఆయన మీదే వాడాను.

నిన్న మధ్యాహ్నం నోటును పటంలోంచి తీసి, మూల కింద గోరు పెట్టాను. సారు చెప్పినట్టే విరిగింది. మడత లోపల, ఎండ తగలని చోట, చిక్కటి పసుపు.

అవ్వ ఆ ముక్కను అరచేతిలో వేసుకుని వాసన చూసింది, అచ్చం సారులాగే. ఆమె వేలికి కొంచెం పసుపు అంటింది.