నా కారణం ప్రశ్నార్థకాలైన వైనం

ఇంకా ఆ సంగతి మరిచిపోలేదా అని ఎవరైనా అడిగితే, నేనెందుకు మరిచిపోవాలని తిరిగి అడుగుతాను. మరిచిపోతే సుఖపడేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఆ వారంలోనే మరిచిపోయారు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. నేను మదీనాగూడలో కిరాయికి ఉంటూ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. రెండేళ్లు నిండితే పర్మినెంటు చేస్తామని చేర్చుకునేటప్పుడు చెప్పారు. ఆ రెండేళ్లూ నిండబోతున్నాయి. ఆ పర్మినెంటు కాగితం కోసం జ్వరం వచ్చినా సెలవు పెట్టకుండా నెట్టుకొచ్చాను.

బంద్ పిలుపు వచ్చినప్పుడే చిక్కు. బస్సులు డిపో దాటేవి కావు. ముంబై హైవే మీద ఆటోలను ఆపేసేవాళ్లు. రేపు రానని కంపెనీ క్యాబ్ డ్రైవరు ముందు రోజే ఫోన్ చేసేవాడు. అందుకని కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. బంద్ రోజున రాలేనివాళ్లు పొద్దున తొమ్మిదిలోగా కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపాలి. పేరు, ఉండే చోటు, రాలేకపోవడానికి కారణం. అది నింపి ఇంటి నుంచి పని చేస్తే హాజరు పడుతుంది. లేకపోతే గైర్హాజరే.

ఆ ఫారం తయారు చేసింది నా పక్క సీట్లో కూర్చునే ప్రోగ్రామరు. గుంటూరు వైపు మనిషి, కొండాపూర్‌లో హాస్టల్లో ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. నా డబ్బాలోని సర్వపిండి అతను తినేవాడు, వాళ్లమ్మ పంపిన గోంగూర పచ్చడి నేను తినేదాన్ని. ఉద్యమం గురించి మేం కొట్లాడుకున్నా నవ్వుతూనే కొట్లాడుకున్నాం. మీరు రాష్ట్రం తెచ్చుకున్నా గోంగూరకి మా దగ్గరికే రావాలక్కా అనేవాడు.

ఫారం పని ముగిసిన రోజు నన్ను పిలిచి చూపించాడు. కారణం గడిలో తెలుగులో రాయొచ్చా అని అడిగాను. ఇంగ్లీషు రాక కాదు. మా యాస వినపడితే మూతి తిప్పేవాళ్లు ఆ ఆఫీసులో ఉన్నారు. ఆ ఒక్క గడిలోనైనా నా మాట నా మాటలాగే ఉండాలనిపించింది.

"ఏ భాషైనా తీసుకుంటుందక్కా. కావాలంటే మీ తెలంగాణ తెలుగు కూడా," అన్నాడు.

అని ఊరుకోలేదు, కారణం గడిలో "జర చూడు" అని తెలుగులో తనే కొట్టి పంపించాడు. వివరాలు అందాయి, ధన్యవాదాలు అని తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. దాని కింద అతను కొట్టిన మాట చక్కటి తెలుగు అక్షరాల్లో కనిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత వచ్చిన ప్రతి బంద్‌కీ నేను తెలుగులోనే రాశాను. "బస్సులు నడుస్తలేవు" అని. ఇంకోసారి "ఆటోలు ఆపిండ్రు, క్యాబ్ రాదంట" అని. బటన్ నొక్కగానే నా మాటలు నాకు తిరిగి కనిపించేవి. అందిందన్న ధీమాతో సాయంత్రం దాకా ఇంట్లో కూర్చుని పని చేసేదాన్ని.

పర్మినెంటు అయినవాళ్ల జాబితా వచ్చింది. నాతో పాటు చేరిన అందరి పేర్లూ ఉన్నాయి. నాది లేదు.

హెచ్ఆర్ మేనేజరుకు మెయిలు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. మూడోసారి రాయకుండా వెళ్లి ఆయన గది ముందు నిలబడ్డాను. నా పేరు వినగానే ఆయన, ఫారం సంగతి తెలిసినవాడని, మా తమ్మీని కూడా లోపలికి పిలిపించాడు. బంద్ రోజుల ఫారాల ప్రింటు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. అందరి పేర్ల పక్కనా ఇంగ్లీషులో కారణాలున్నాయి. నా పేరు పక్కన మాత్రం ఇలా ఉంది: ??????? ??????????

"ఏంటండీ ఇది? ప్రతి బంద్‌కీ ఇదేనా? కంపెనీనే ప్రశ్నిస్తున్నారా? అందుకే ఆ రోజులన్నీ గైర్హాజరు వేశాం. ఉద్యమం చేసుకోవాలంటే బయట చేసుకోండి," అన్నాడు.

నేను తెలుగులో కారణం రాశానని, తెర మీద సరిగ్గానే కనిపించిందని చెప్పాను. అలా జరిగే వీలుందా అని ఆయన అతన్ని అడిగాడు. నాకు ధైర్యం వచ్చింది. నా సాక్షి నా పక్కనే ఉన్నాడు కదా.

"మేడమ్ ఏం టైప్ చేశారో నాకు తెలీదు సార్. ఫారం అయితే టెస్ట్ చేశాం."

రెండేళ్లలో అతను నన్ను మేడమ్ అనడం అదే మొదలు.

నేను కదల్లేదు. ఆయన కంప్యూటర్లోనే ఫారం తెరిపించి, కారణం గడిలో ఆయన పేరే తెలుగులో కొట్టి పంపించాను. తెర మీద పేరు ముచ్చటగా కనిపించింది. బాగానే ఉంది కదా అన్నాడాయన. సర్వరులో ఏముందో కూడా తీయించండి సార్ అన్నాను. తమ్మీకి తీయక తప్పలేదు. ఆయన పేరూ ప్రశ్నార్థకాలే అయింది.

అప్పుడు తమ్మీ నోరు విప్పాడు. సర్వరులో వివరాలు దాచే పట్టిక ఇంగ్లీషు అక్షరాలకే పనికొస్తుందట. తెలుగు అక్షరం వస్తే దాని చోట ప్రశ్నార్థకం పెట్టుకుంటుందట. బటన్ నొక్కాక కనిపించే మాట సర్వరు నుంచి వచ్చింది కాదు, మనం కొట్టినదాన్నే పేజీ మళ్లీ మనకు చూపిస్తుంది. జవాబనుకుని ఇన్నాళ్లూ నేను చదువుకున్నది నా మాటే. అతను ఇదంతా ఎంత గడగడా చెప్పాడంటే, అప్పటికప్పుడు తెలుసుకున్న మనిషి చెప్పినట్టు లేదు.

మెట్ల దగ్గర ఆపి, ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. రెండో బంద్ నాడే చూశాడట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసిందక్కా. ఆంధ్రావాడు తెలంగాణ ఆమె హాజరు పోగొట్టాడంటారు. ఈ రోజుల్లో ఆ మాట పడితే నేనిక్కడ ఉండగలనా?"

"చెప్పకుండ నువ్వు చేసింది గదే గద తమ్మీ."

అతని భయం అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ ఆ భయానికి బలైంది నేను.

వారం తిరక్కుండా అందరికీ ఒక మెయిలు వచ్చింది. ఫారంలోని లోపాన్ని వెంటనే సరిచేసినందుకు అతనికి అభినందనలు. ఏం సరిచేశాడో చూద్దామని ఫారం తెరిచాను. పట్టికను ముట్టుకోలేదు. కారణం గడి కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం చేర్చాడు, ఇంగ్లీషులో మాత్రమే రాయాలని.

నా బంద్ రోజులకు హాజరు వేశారు. పర్మినెంటు కాగితం మాత్రం తర్వాతి జాబితాలో, ఆరు నెలలకు వచ్చింది. దాని మీద ఆ రోజు తేదీయే ఉంది. మొదటి జాబితా తేదీ వేయమని రాశాను. మూసేసిన జాబితా మళ్లీ తెరవడం కుదరదన్నారు. ఏ నియమం ప్రకారమో చూపించమని మళ్లీ రాశాను. దానికి ఈనాటికీ జవాబు లేదు.

కాగితం అందిన పూట అతను నా సీటు దగ్గరికి వచ్చి, కంగ్రాట్స్ అక్కా అంటూ చెయ్యి చాపాడు. ఆ చేతిలో కాగితం పెట్టి, తేదీ పైకి చదవమన్నాను. చదివాడు.

ఇంకోసారి చదవమన్నాను.