ఒదోరికో మరవలేని పేర్లు

ఒదోరికోకి అరవై దాటాయి. వెనీసు దొరల ఏలుబడిలోని ఫ్రియూలి పల్లెల్లో రైతులు కూడా కవాతుకు పోవాలి. ముప్పయ్యారేళ్లుగా అతను పోతూనే ఉన్నాడు. ఏడాదికి ఐదు ఆదివారాలు, ఆమడ నడక, భుజం మీద తనకంటే పొడుగైన గడ.

అక్కడ అతని పని కొత్తవాళ్లకు ఆయుధాల పేర్లు నేర్పడం. "మీ ఇంట్లో మాంసం కాల్చే ఊచ లేదూ? అది ఎదిగితే స్పియేదో. కొడవలి ఎదిగితే ఫల్చియోనే. ద్రాక్షతీగలు నరికే కొంకికత్తికి గడ తగిలిస్తే రొంకా. భయమెందుకురా, అన్నీ మన సామానే!" అనేవాడు. అని అని నోరు నొప్పి పుట్టింది. మోకాళ్లు అంతకు ముందే అరిగిపోయాయి.

"అన్నీ మరిచిపోయానని చెప్పవయ్యా" అంది భార్య మేనియె, వరిగల సంకటి వడ్డిస్తూ. "పక్కింటాయనకి చెవుడొచ్చిందని కిందటేడు వదిలేశారుగా."

"నాకు మరుపెక్కడిదే?"

"ఉప్పు తెమ్మంటే ఉత్త చేతులతో వస్తావు. ఆ మరుపే అక్కడా కాస్త చూపించు."

ఆదివారం కప్తాను స్పియేదో ఎత్తి చూపించాడు. "చెప్పు తాతా, ఇదేంటి?"

"గడ్డి తిరగేసే కర్రండి."

అందరూ గొల్లుమన్నారు. కన్నబిడ్డను ఎవరో తెలియదన్నట్టు ఒదోరికోకి సిగ్గేసింది. అయినా బిగబట్టాడు. రొంకా చూపిస్తే పళ్లు కోసే చిక్కమన్నాడు.

"పాపం, అయిపోయాడు. పేరు కొట్టెయ్" అన్నాడు కప్తాను. గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

వరసలో ఉన్న మిల్లు తొమాటు నవ్వుతూ పక్కకు తిరిగాడు. అతని భుజం మీది రొంకా కూడా తిరిగి, దాని కొంకి వెనకవాడి గొంతు దగ్గరకొచ్చింది. ఇంకో అడుగు వేస్తే తెగేదే.

"తొమాటూ, కదలకు! అది రొంకారా, ఫల్చియోనే కాదు, కొంకి తగిలి లాగితే పీక తెగుద్ది! నిలువుగా ఎత్తు!" అని అరిచేశాడు ఒదోరికో.

తొమాటు బిగుసుకుపోయి, మెల్లగా ఎత్తాడు. వెనకవాడు మెడ తడుముకున్నాడు. కప్తాను గుమాస్తా వైపు తిరిగాడు.

"కొట్టేశావా?"

"ఇంకా కొట్టలేదండీ."

"ఉంచు. వచ్చేసారి నలభైమంది కొత్తవాళ్లున్నారు."

కవాతు ముగిశాక తొమాటు రొంకా చంకలో ఇరికించుకునే పరిగెత్తుకొచ్చి ఒదోరికో చేతులు పట్టుకున్నాడు. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం మామా!"

ఆ మాటకు మురిసే ఓపిక ఒదోరికోలో లేదు. ఉన్నచోటనే చతికిలబడ్డాడు. "ముందు ఆ గడ అవతల పెట్టు నాయనా. నువ్వు దాన్ని పట్టుకున్న తీరు చూస్తుంటే, నేను చచ్చేదాకా ఇంటికి పోయేట్టు లేను."