కిటికీ గూట్లోని సగం

రాయిని కోసిన ప్రతిసారీ ఒక సగాన్ని కిటికీ గూట్లో దాచుకోవడం రాళ్ళక్కకు అలవాటు. రెండో సగం తమ్ముడి కొట్టుకు వెళ్ళేది. "కూతుర్ని అత్తారింటికి పంపినట్టు పంపుతుంది మా అక్క రాళ్ళని" అని వాడు ఎగతాళి చేసేవాడు. వాడికి రంపం పట్టడం నేర్పింది ఆమె, వీధి చివర కొట్టు పెట్టించిందీ ఆమే. షరతు ఒక్కటే: రంగు వేసిన రాయి అక్కడ ఉండకూడదు. "ఇక్కడి ప్రతి రాయీ సహజం, ఇది రాళ్ళక్క మాట" అని కొట్టు అద్దం మీద రాయించారు.

ఆ మాటకు విలువ ఊరికే రాలేదు. కోట్ల ఏళ్ళ కిందట లావా చల్లారేటప్పుడు అందులో చిక్కుకున్న బుడగలు ఖాళీ గూళ్ళుగా మిగిలాయి. రాతిలోంచి ఊరిన నీరు తనలో కరిగిన సిలికాను ఆ గూళ్ళ గోడలకు పొర మీద పొరగా పట్టించింది. అదే అగేట్. ఇనుము కలిసిన చోట ఎరుపు, ఏమీ కలవని చోట బూడిదరంగు. కోసేదాకా లోపలేముందో తెలియదు. కోశాక అలాంటిది ఇంకొకటి దొరకదు, దాని రెండో సగం తప్ప. రాళ్ళు సేకరించేవాళ్ళకు పిచ్చి పట్టేది అక్కడే.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ, తమ్ముడి కొట్లో కొన్న రాయి పట్టుకుని, సంబరంగా రాళ్ళక్క ఇంట్లోకొచ్చింది. తమ్ముడు మూలన కూర్చుని రాళ్ళకు కాగితం చుడుతున్నాడు.

"దీనికో చిన్న పీట చేసిపెట్టమ్మా. ఇంత నీలం నా జన్మలో చూడలేదు."

రాళ్ళక్క రాయి అందుకుంది. నడుమ పొర ఒకటి, సగం మూసిన కనురెప్పలా వంగి ఉంది. ఆ వంపు ఆమెకు తెలుసు. తలెత్తితే తమ్ముడు కళ్ళతో బతిమాలుతున్నాడు.

"సహజమేగా?" అంది టీచరమ్మ. "నువ్వు మాటిచ్చావన్నాడు నీ తమ్ముడు."

రాళ్ళక్క గూట్లోంచి బూడిదరంగు సగం తీసి నీలం పక్కన పెట్టింది. కనురెప్ప రెండింటిలోనూ ఒకేలా వంగింది. నీరు పీల్చుకునే పొరలకే నీలం పట్టింది, గట్టి తెల్లపొరలు అలాగే ఉన్నాయి.

"పొరపాటైందక్కా," అన్నాడు తమ్ముడు.

పొరపాటు కాదు. పొరపాటున ఎవరూ రంగు కొనుక్కురారు, రాయిని రోజుల తరబడి అందులో నానబెట్టరు, పైకి తీసి మళ్ళీ మెరుగుపెట్టరు. ప్రతి మెట్టు దగ్గరా ఆగే వీలుంది. వాడు ఎక్కడా ఆగలేదు. గూట్లో జత ఉందన్న సంగతొక్కటే మరిచాడు.

"బూడిదరాయి ఎవడు కొంటాడక్కా?"

"నేను కొనేదాన్ని బాబూ," అంది టీచరమ్మ.

"అందరూ వేస్తున్నదే కదక్కా! పరాయిదాని ముందు నా పరువు తీశావ్. కొట్టు మూతపడితే నేనేమైపోవాలి?"

"రంగు వేశానని చెప్పి అమ్ముకోరా, కాదనను. నా మాటకు మాత్రం నిన్ను కాపలా ఉంచాను. దాన్నే అమ్మేశావ్."

బూడిదరంగు సగాన్ని ఆమె టీచరమ్మ చేతిలో పెట్టింది. కొంగు దోపుకుని, సాన పట్టిన ఉలి తీసుకుని వీధి చివరికి నడిచింది. అద్దం మీది అక్షరాలు గట్టిగా అతుక్కున్నాయి. గీకింది. తమ్ముడు వెనకాలే వచ్చి పక్కన నిలబడ్డాడు. రాలిన అక్షరాల పొడి వాడి చెప్పుల మీద పడుతుంటే ఆమె చివరి అక్షరందాకా గీకింది.